గోల్ఫ్‌లో ఐదో స్థానం వచ్చినా ప్లేస్ డబ్బు సగమే ఎందుకు ఇచ్చారు?

పచ్చగడ్డి:
గ్రాండ్ నేషనల్ గుర్రప్పందేనికి ఈచ్‌వే పందెం వేయడం నాకు బాగా అలవాటే, సగం సొమ్ము గెలుపు మీద, సగం ప్లేస్ మీద (అంటే మొదటి కొన్ని స్థానాల్లో ముగిస్తే చాలు), అంతే కదా. మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ కూడా దాదాపు అదే రోజుల్లో వస్తుందని 2025లో గోల్ఫర్ డిషాంబో మీద అలాగే వేశాను. మొదటి ఐదు స్థానాలకి ప్లేస్ డబ్బు, అదీ గెలుపు ఆడ్స్‌లో (పందెం రేటులో) ఐదో వంతుకి. ఐదో స్థానంలోనే ముగించాడు, కానీ ప్లేస్ డబ్బు సగమే పడింది. అడిగితే "రూల్స్ చూడండి" అన్నారు. నేషనల్‌లో నాకెప్పుడూ ఇలా కోత పడలేదు. గోల్ఫ్‌కి వేరే రూల్ ఉందా, లేక నన్ను బోల్తా కొట్టించారా?

లెక్కల_సుబ్బు:
మోసం కాదులే బ్రో, డెడ్ హీట్ రూల్ అది. ఆ ఏడాది ఐదో స్థానంలో డిషాంబో ఒక్కడే లేడు, సుంగ్‌జే ఇమ్ కూడా ఉన్నాడు, ఇద్దరిదీ 7 అండర్ (నిర్ణీత షాట్ల కన్నా 7 తక్కువ). మిగిలింది ఒక్క ప్లేస్, దానికి ఇద్దరు, అందుకని నీ ప్లేస్ పందెం సొమ్ముని సగం చేసి ఆ సగానికే పూర్తి ఆడ్స్ ఇస్తారు. ఉదాహరణకి 20/1 (ఒకటికి ఇరవై లాభం) మీద గెలుపుకి 10, ప్లేస్‌కి 10 వేశావనుకో, ప్లేస్ ఆడ్స్ అందులో ఐదో వంతు, అంటే 4/1. ఒక్కడే ఐదోవాడైతే 50 వచ్చేది. ఇద్దరు కాబట్టి 5 మీద 4/1, అంటే అసలుతో కలిపి 25. అదే నలుగురు టై అయితే రెండున్నర మీదే లెక్క, చేతికి వచ్చేది పన్నెండున్నర, నువ్వు పెట్టింది 20. "ప్లేస్ కొట్టాం" అనుకుంటూనే నష్టపోతావు.

ఈ రూల్ గుర్రాలకీ ఉంది, కాకపోతే అక్కడ ఫోటో ఫినిష్‌లో ముక్కు తేడా కూడా తేలిపోతుంది కాబట్టి టై అరుదు. గోల్ఫ్‌లో మొదటి స్థానానికి టై అయితే మాత్రమే ప్లేఆఫ్ (విజేతని తేల్చే అదనపు ఆట) ఆడిస్తారు. అదే ఏడాది మెకిల్‌రాయ్, రోజ్ ఇద్దరూ 11 అండర్‌తో ముగించారు, ప్లేఆఫ్‌లో ఓడిన రోజ్‌ది ఒంటరి రెండో స్థానం, అతని మీద వేసినవాళ్లకి ప్లేస్ డబ్బు పూర్తిగా వచ్చింది.

ఆఖరి_ఫర్లాంగ్:
సుబ్బు గారు చెప్పింది కరెక్టే, కానీ అసలు తేడా డెడ్ హీట్ ఒక్కటే కాదు. నేషనల్ హ్యాండిక్యాప్ రేసు. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ, అందరికీ సమాన అవకాశం ఉండాలనే అలా చేస్తారు. పైగా 34 గుర్రాలు, 30 కంచెలు, నాలుగు మైళ్ల పైన దూరం. అందుకే 2025లో 33/1 ఆడ్స్ ఉన్న నిక్ రాకెట్ అనే గుర్రం గెలిచినా ఎవరూ నోరెళ్లబెట్టలేదు. మాస్టర్స్‌లో ఎవరి నెత్తిన ఏ బరువూ లేదు, షెఫ్లర్ లాంటి మేటి ఆటగాడు షెఫ్లర్‌లాగే ఆడతాడు. జాబితాలో పాత ఛాంపియన్లు, అమెచ్యూర్లు కూడా ఉంటారు కాబట్టి నిజంగా గెలవగలిగేవాళ్లు చూడటానికి కనిపించే దానికన్నా బాగా తక్కువ. మొదటిసారి వచ్చి గెలిచిన చివరివాడు ఫజీ జోలర్, 1979లో! కాబట్టి కొత్త కుర్రాడికి ఆడ్స్ ఊరిస్తున్నాయని గెలుపు మీద సగం సొమ్ము పోయడం నాకైతే దండగ అనిపిస్తుంది.

పచ్చగడ్డి:
ఓహ్, ఇప్పుడు అర్థమైంది. మరి కొందరు ఎనిమిది ప్లేసులు ఇస్తామంటారు కదా, అది తీసుకుంటే సేఫా? మధ్యలో ఆటగాడు తప్పుకుంటే ఏంటి?

లెక్కల_సుబ్బు:
ముందు ఆ ఎనిమిది ప్లేసుల ఆఫర్‌లో గెలుపు ఆడ్స్ ఎంత తగ్గించారో చూడు. స్కోర్ బోర్డులో కిందికి వెళ్లేకొద్దీ జనం గుంపులుగా ఉంటారు, ఎనిమిదో స్థానానికి ఆరుగురు టై అయితే నీకు దక్కేది ఆరో వంతు. పైనున్న ప్లేసులకి ఉన్నంత విలువ చివరి ప్లేసుకి ఉండదు. తప్పుకోవడం విషయానికొస్తే, మొదటి టీ షాట్ కొట్టకముందే తప్పుకుంటే సాధారణంగా సొమ్ము వెనక్కి ఇస్తారు, కొట్టాక నడుం పట్టేసినా నీ పందెం పోయినట్టే. గుర్రాల్లో అయితే నెలల ముందు వేసే యాంటీ-పోస్ట్ పందెంలో గుర్రం రాకపోయినా డబ్బు పోతుంది, ప్రత్యేకంగా "నాన్ రన్నర్ నో బెట్" (గుర్రం రాకపోతే పందెం రద్దు) అని ఉంటే తప్ప.

ఆఖరి_ఫర్లాంగ్:
ఒక్కటి మర్చిపోయాను. నేషనల్ పది నిమిషాల్లో అయిపోతుంది, మాస్టర్స్ నాలుగు రోజులు, మధ్యలో క్యాష్ అవుట్ (ఆట ముగియకముందే పందెం తెంచుకుని డబ్బు తీసుకునే) బటన్ కన్నుకొడుతూనే ఉంటుంది. 1996లో చివరి రోజు ఉదయానికి నార్మన్ ఆరు షాట్ల ఆధిక్యంలో ఉండి, సాయంత్రానికి ఫాల్డో చేతిలో ఐదు షాట్ల తేడాతో ఓడిపోయాడు. దాన్ని చూపించి ముందే తీసుకోమంటారు చాలామంది. నేనైతే తీసుకోను, ఆ రేటులో బుకీ తన వాటా ఇంకోసారి కోసుకుంటాడు.