నాన్న సంవత్సరీకం సాయంత్రం మూడు మతాల ప్రార్థన పెట్టాలనుంది, ఎలా చేయాలి?

హార్బరు అమ్మాయి (వన్‌టౌన్, విశాఖ):
మా నాన్న పోర్టులో కళాసీగా చేశారు. హార్బరు పక్కనే ఉన్న వెంకటేశ్వర కొండ, రాస్ హిల్ చర్చి, దర్గా కొండ మన ఊరి వాళ్ళందరికీ తెలిసినవే. డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆ మూడింటికీ దణ్ణం పెట్టుకునేవారు. చెప్పులు విడిచి, తలకి చుట్టిన తువ్వాలు తీసి మరీ పెట్టేవారు. ఆయన గ్యాంగులో అన్ని మతాల వాళ్ళూ ఉండేవారు. పాడె మోసింది కూడా వాళ్ళే.

వచ్చే నెల ఏడాది నిండుతుంది. పొద్దున ఇంట్లో ఆబ్దికం మా పద్ధతి ప్రకారం జరుగుతుంది. సాయంత్రం హాల్లో భజన, చర్చి పాట, ఖురాన్ పఠనం, ఖవ్వాలీ పెట్టి ఆ స్నేహితులందరినీ పిలవాలని నా ఆశ. "దేవుళ్ళని కలగాపులగం చెయ్యకే" అంటున్నారు మావయ్య. ఎవరి మనసూ నొప్పించకుండా ఎలా చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

జ్ఞానాపురం కాయిర్:
తప్పకుండా చెయ్యమ్మా. అయితే పిలిచే ముందు ఒక సంగతి చూసుకో. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) ఫాదర్‌గారైతే చనిపోయినవారి ఆత్మశాంతి కోసం ప్రార్థిస్తారు. చాలామంది పాస్టర్లు అలా చెయ్యరు, కుటుంబానికి ఆదరణ కలగాలని ప్రార్థిస్తారు. అక్కడికి వచ్చాక మైకు ఇచ్చి "మా నాన్న ఆత్మ కోసం" అంటే ఆయన ఇబ్బంది పడతారు. బైబిల్లో 23వ కీర్తన చదవమంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పాటల సంగతికొస్తే, పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు ఉన్నాయి కదా. 19వ శతాబ్దంలోనే మన రాగాల్లో, మన తాళాల్లో రాశారాయన. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి. మీ భజన బృందంలోని హార్మోనియం, మృదంగం వాళ్ళే వాయించెయ్యగలరు. గిటారు, కీబోర్డు అంటూ వేరే ఏర్పాట్లు అక్కర్లేదు.

కోటవీధి భాయ్:
చెల్లీ, మా దగ్గరా అలాంటిదే ఉంది. ముస్లిం కాని వారికి చనిపోయాక మన్నింపు కోరుతూ దువా చెయ్యకూడదని చాలామంది మౌల్వీలు చెబుతారు. వాళ్ళకి మీ నాన్నగారి మీద గౌరవం లేక కాదు. ఇంట్లోవాళ్ళకి సబర్ (ఓర్పు) ఇమ్మని, ఊరు చల్లగా ఉండాలని దువా అడగండి, మనస్ఫూర్తిగా చేస్తారు.

ఖురాన్ మొదట్లో ఉండే ఫాతిహా ఏడు ఆయతులే (వాక్యాలే), నిమిషంలో అయిపోతుంది. అది చదివేటప్పుడు వెనక తబలా, తంబురా ఏవీ వద్దు, చప్పట్లూ వద్దు. ఖవ్వాలీ వేరు, దానికి వాయిద్యాలు కావాలి. కానీ వాయిద్యాలు ఉన్నచోట కూర్చోనివారు మాలో ఉన్నారు కాబట్టి ఖవ్వాలీ చివర్లో పెట్టండి, వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్తారు. సభ మగ్రిబ్ (పొద్దుగూకాక చేసే నమాజు) అయ్యాక మొదలుపెట్టండి. ప్రసాదం, టీ టిఫిన్లు వేర్వేరు బల్లల మీద ఉంచండి. హారతి పళ్ళెం అందరి ముందుకీ తిప్పకండి, కావాలన్నవాళ్ళే దగ్గరకొచ్చి తీసుకుంటారు.

రిటైర్డ్ సంగీతం మాస్టారు:
మీ మావయ్యగారి మాట పూర్తిగా కొట్టెయ్యకమ్మా. అందరి చేతా అన్నీ పలికించాలని చూస్తే అది కలగాపులగమే అవుతుంది. ఎవరి ప్రార్థన వాళ్ళు పూర్తిగా చేసుకోవాలి, మిగతావాళ్ళు శ్రద్ధగా వినాలి. నా దృష్టిలో వినడమూ ఆరాధనే. కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానాగారు రంగనాథుడి ముందు నాదస్వరం వాయించారు. ఆయన తన మతం విడిచిపెట్టలేదు, తన్మయత్వంలో లోటూ రానివ్వలేదు.

ఒకటి మాత్రం గట్టిగా పట్టుకో. బంధువులు ఎవరైనా "ఖురాన్ తీసేసి మిగతావి పెట్టు" అంటే ఒప్పుకోవద్దు. 1947లో ఢిల్లీలో గాంధీగారి ప్రార్థనాసభలో ఖురాన్ పఠనానికి అడ్డుచెప్పినప్పుడు ఆయన ఆ పూట ప్రార్థన మొత్తం ఆపేశారు గానీ ఆ ఒక్కటీ వదిలేసి కొనసాగించలేదు.

హార్బరు అమ్మాయి:
అందరికీ దండాలు. ఆత్మశాంతి ప్రార్థన విషయంలో ఇంత ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నాన్న కోసం చెయ్యాల్సింది పొద్దున తమ్ముడు చేస్తాడు. సాయంత్రం ఆయన స్నేహితులు ఎవరి ప్రార్థన వాళ్ళు చేస్తారు, మేమంతా కూర్చుని వింటాం. ఇలా చెబితే మావయ్య కూడా మెత్తబడ్డారు, భజన బృందాన్ని తనే మాట్లాడతానన్నారు. కాయిర్ అన్నా, ఆ కీర్తనల్లో ఒకటి మా హార్మోనియం ఆయనకి నేర్పించగలరా? ఆదివారం మీ ఆరాధన అయ్యాక ఎప్పుడైనా సరే, ఆయన్ని నేనే తీసుకొస్తాను.