కారు గేర్‌బాక్సు ట్యాంకును లాగిందా?

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా లారీ గేర్‌బాక్సులు విప్పుతున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన ఎం5 స్టువర్ట్ అనే తేలికపాటి ట్యాంకులో క్యాడిలాక్ కారు ఇంజనూ గేర్‌బాక్సులే పెట్టారట. పదిహేను టన్నుల బండి అండీ! నమ్మబుద్ధి కావట్లేదు.

జవాబు: నిజమే. రెండు వీ8 ఇంజన్లు, ఒక్కోదానికి ఒక హైడ్రామాటిక్, అంటే గేర్లు తనంతట తానే మార్చుకునే గేర్‌బాక్సు. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు కార్ల తయారీ ఆపేశారు. డెట్రాయిట్ క్యాడిలాక్ ఫ్యాక్టరీలో ఇంజన్లు చేసే మిషన్లు అప్పటికే ఉన్నాయి. దీనికి ముందు వచ్చిన ఎం3 స్టువర్ట్‌లో ఉన్నది విమానం ఇంజన్. అప్పట్లో విమానాలకే అవి చాలలేదు, అందుకే కారు ఇంజన్లు పెట్టారు.

జవాబు: రెండు గేర్‌బాక్సుల నుంచి వచ్చే శక్తి ట్రాన్స్‌ఫర్ కేసు అనే గేర్ల పెట్టెలో కలుస్తుంది. అక్కణ్నుంచి అది ముందున్న డిఫరెన్షియల్‌కు, అంటే రెండు పక్కల ట్రాకులకు శక్తిని పంచే భాగానికి వెళ్తుంది. క్లచ్ పెడలే లేదు.

ప్రశ్న వేసినాయన: మరి రెండు ఇంజన్ల వేగం కలవకపోతే? పళ్లు ఊడవా?

జవాబు: ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్యలో ఆయిల్ కప్లింగ్ ఉందిగా, ఆయిల్ ద్వారానే శక్తి అందుతుంది కాబట్టి కాస్త జారుతుంది.

ప్రశ్న వేసినాయన: ఓహో, అదా సంగతి! నాకు ఒక్క గేర్‌బాక్సు సర్దడానికే రెండ్రోజులు పడుతుంది, వాళ్లకు బండికి రెండు.