మొదటి ఎయిర్‌బ్రష్: డబ్బు బ్రష్ మీద పెట్టాలా, ట్యాంకు కంప్రెసర్ మీద పెట్టాలా?

కొత్తగాలి:
ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటిది), దానికి గాలి అందించే కంప్రెసర్ కలిపి బడ్జెట్ 15 వేలు. 1:72 (అసలుదానిలో 72వ వంతు) విమాన మోడళ్లకి, చిన్న మట్టిబొమ్మలకి రంగు వెయ్యాలి. నీటి ఆక్రిలిక్ రంగులే వాడతాను. ఊరు విశాఖ, ఉండేది అపార్ట్‌మెంట్, పని రాత్రిపూటే. బ్రష్ కిందే తగిలించుకునే బుల్లి కంప్రెసర్ ఉన్న చార్జింగ్ కిట్ చాలని కొందరు, ట్యాంకు లేనిది కొంటే దండగని ఇంకొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

పిస్టన్ పంతులు:
ట్యాంకు ఉన్నదే తీసుకోండి. ఒకే పిస్టన్ ఉన్న కంప్రెసర్ గాలిని దెబ్బలు దెబ్బలుగా తోస్తుంది. మధ్యలో ట్యాంకు లేకపోతే ఆ దెబ్బలు నాజిల్ (రంగు బయటికొచ్చే సన్న మూతి) దాకా వస్తాయి, సన్న గీత గీస్తే పూసలు గుచ్చినట్టు పడుతుంది. ఏఎస్-186 రకం చూడండి: హెచ్‌పీలో ఆరో వంతు మోటారు, నూనె అక్కర్లేని పిస్టన్, 3 లీటర్ల ట్యాంకు. ప్రెషర్ 4 బార్‌కి చేరితే ఆగుతుంది, 3కి దిగితే తనే మొదలవుతుంది.
రెండో సంగతి నీళ్లు. మీది సముద్రపు గాలి. నొక్కినప్పుడు వేడెక్కిన గాలి చల్లారగానే తేమ నీరవుతుంది. ట్యాంకు ఉంటే చాలావరకు అందులోనే దిగిపోతుంది. లేకపోతే హోస్‌లోకి (గాలి గొట్టంలోకి), అక్కణ్ణుంచి రంగు ఆరని రెక్క మీదకి చుక్కై పడుతుంది.

సన్నగీత:
పంతులు గారూ, ట్యాంకుకి హారతి పట్టడం కాస్త ఎక్కువైంది. లెక్క చూడండి. 3 లీటర్ల ట్యాంకు 4 బార్ నుంచి 3కి దిగేలోపు ఇచ్చేది 3 లీటర్ల మామూలు గాలి. 0.3 మి.మీ. నాజిల్ నిమిషానికి 12 లీటర్లు తాగుతుందనుకుంటే మోటారుకి దక్కే విశ్రాంతి 15 సెకన్లు! దీనికోసం బ్రష్‌కి పెట్టే డబ్బులో కోత పెట్టుకోవాలా? 3 మీటర్ల హోస్ పెడితే దెబ్బలు కొంతవరకు అందులోనే అణుగుతాయి, మంచి మాయిశ్చర్ ట్రాప్ నీళ్లు పడుతుంది.
అసలు ఏడిపించేది కిట్‌తో వచ్చే చవక బ్రష్. దాని నాజిల్‌కి వెంట్రుకల్లాంటి మరలుంటాయి. కడిగి తిరిగి బిగించేటప్పుడు స్పానర్ పావు చుట్టు ఎక్కువ తిరిగిందా, మర తెగి ముక్క బాడీలో ఉండిపోతుంది. బ్యాడ్జర్ పేట్రియట్ 105లో, ఇవాటా ఎక్లిప్స్ హెచ్‌పీ-సీఎస్‌లో నాజిల్‌ని ఊరికే కూర్చోబెట్టి పైన క్యాప్ బిగిస్తే చాలు. మొదటిదాని నాజిల్ 0.5 మి.మీ., రెండోదానిది 0.35. 1:72కి 0.35 దగ్గరే నయం.

పిస్టన్ పంతులు:
15 సెకన్ల లెక్క ఒప్పుకుంటాను. కానీ ట్యాంకు కావాలన్నది మోటారు విశ్రాంతికి కాదండీ, గాలి నిలకడకి. ఇంకోటి, కంప్రెసర్ పెట్టె మీద రాసే నిమిషానికి 23 లీటర్లు ఎదురు ప్రెషర్ లేనప్పటి మాట. ప్రెషర్ పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.
కొత్తగాలి గారూ, గేజ్ చదవడం నేర్చుకోండి. ట్రిగ్గర్ నొక్కకుండా 30 పీఎస్‌ఐ (ఇదీ బార్ లాగే ప్రెషర్ కొలతే) చూపించేది నొక్కగానే 20కి పడిపోవచ్చు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే రెగ్యులేటర్ (ప్రెషర్ సరిచేసే మీట) తిప్పాలి. మీ పనికి 15 నుంచి 20 చాలు.

ధూల్‌పేట గాలి:
హార్డ్‌వేర్ షాపు 24 లీటర్ల కంప్రెసర్ గురించి ఎవరూ ఎత్తలేదు. గాలి పుష్కలం, నిజమే. వినాయకుడి విగ్రహాలకి స్ప్రే గన్‌తో కొట్టడానికి అదే సరి. రాత్రి అపార్ట్‌మెంట్‌లో వేస్తే మాత్రం పక్కింటివాళ్లు తలుపు తడతారు.
పాత ఫ్రిజ్ కంప్రెసర్ సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు, ముందే చెబుతున్నా. చప్పుడు ఉండదు గానీ గాలితో నూనె తుంపర వస్తుంది. లైన్‌లో ప్రెషర్ నిలిచి ఉంటే మళ్లీ స్టార్ట్ కాక మూలుగుతుంది. సేఫ్టీ వాల్వ్ లేని డబ్బాని ట్యాంకుగా కడితే అది బాంబే.

కొత్తగాలి:
మరి చార్జింగ్ కిట్?

సన్నగీత:
అది నేనూ వద్దంటాను. మోటారు బరువు, వణుకు చేతిలోనే ఉంటాయి. చాలావాటికి ప్రెషర్ తగ్గించే వీలుండదు, నీళ్లు పట్టే ట్రాప్ అసలే ఉండదు.
ఏది కొన్నా మొదటి వారం "కంప్రెసర్ బలం చాల్లేదు" అనిపిస్తుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు దానిది కాదు. ఆక్రిలిక్ రంగు బ్రష్ లోపలి సూది కొన మీద ఆరిపోయి దారి మూసేస్తుంది, మన ఎండలకి మరీ త్వరగా. రంగును పాలలా పలచన చెయ్యండి: కప్పు గోడ మీదకి తోస్తే జారి, వెనక పలచటి పొర మిగలాలి. 10 చుక్కల రంగుకి 1, 2 చుక్కల రిటార్డర్ (రంగు త్వరగా ఆరకుండా చేసేది) వెయ్యండి. మధ్యమధ్య తడి ఇయర్‌బడ్‌తో కొన తుడవండి. కప్పులో బుడగలొస్తే నాజిల్ సరిగా కూర్చోలేదని. రంగు ఓ పక్కకే పోతుంటే సూది వంగిందని.

ధూల్‌పేట గాలి:
కొనేముందు హోస్ మర అడగండి. చాలా బ్రష్‌లకి 1/8 బీఎస్‌పీ అనే మర కొలత సరిపోతుంది, బ్యాడ్జర్‌కి అడాప్టర్ కావాలి. నాజిల్, సూది విడిగా దొరకని బ్రష్ ఎంత చవకైనా తీసుకోవద్దు.

పిస్టన్ పంతులు:
ట్యాంకుదే కొంటే, పని అయ్యాక గాలి కాస్త మిగిలి ఉండగానే అడుగు వాల్వ్ మెల్లగా తిప్పి నీళ్లు వదిలెయ్యండి. కింద పాత గుడ్డ పెట్టండి. తుప్పు నీళ్లు గచ్చు మీద పడితే మరక వదలదు.