ఈ వారం సమస్య: "చూపు లేని యవ్వ చూచె నన్ను"

నిర్వాహకుడు: దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి బెంగళూరుకి కారులో వెళ్తూ, గుత్తి కోట కనబడగానే 44వ నంబరు హైవే దిగి మా పల్లెకి తిరిగాం. అక్కడ మా అవ్వ ఉంది, పిల్లలకి ముత్తవ్వ. రెండు కళ్లకీ చూపు పోయి చాలా ఏళ్లయింది. ఈ పాదం ఆ గడపలో పుట్టిందే. దీన్ని ఆటవెలది పద్యానికి నాలుగో పాదంగా పెట్టి, మిగతా మూడూ పూరించండి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరడం, నాలుగో గణం మొదటి అక్షరానికి.

కొత్త సభ్యుడు: తప్పులుంటే మన్నించండి, మొదటి పద్యం.

కారు దిగిన వెంట ముత్తవ్వ పిలిచెను
నడక చప్పుడెరిగి నవ్వుకొనుచు
మనుమరాలి కొడుకు మా యింటి వాడని
చూపు లేని యవ్వ చూచె నన్ను

నిర్వాహకుడు: మొదటి పద్యానికి ఇది చాలా ఎక్కువే తమ్ముడూ. యతి ఒక్కచోట జారింది: 'కా'కి 'ము' చెల్లదు. "కారు దిగిన వెంట గడపలో పిలిచెను" అనండి, క–గ లకు చెల్లుతుంది. పైగా అవ్వ ఎక్కడ కూర్చుందో కూడా తెలుస్తుంది.

కాకినాడ అక్కయ్య: మా వైపు తాతమ్మ అంటామండీ. 'అవ్వ' అంటే పక్కింటి ముసలావిడలా ఉంది.

నిర్వాహకుడు: తాతమ్మని నేనూ పెట్టి చూశాను, సూర్యగణాల్లో ఇమడలేదు. అయినా మా సీమలో అవ్వే!

కాకినాడ అక్కయ్య: సరే, మీ అవ్వకే నా పద్యం.

దారి నడుమ టైరు దబ్బున పేలెను
రాత్రి పదియు రెండు రాగ జేరి
తలుపు తట్టినంత దయతోడ కోపపు
చూపు లేని యవ్వ చూచె నన్ను

నిర్వాహకుడు: 'కోపపు'ని పై పాదంలో దాచి అవ్వకి కళ్లు తెప్పించారే! 'దయతోడఁ గోపపు' అనాలి, సరళాదేశం ('క' ఇక్కడ 'గ' అవుతుంది). మాటను రెండు పాదాల మధ్య విరిచిన ఆ విరుపు భేష్. కానీ మరీ సులువుగా తప్పించుకున్నారేమో అనిపిస్తోంది.

కాకినాడ అక్కయ్య: సమస్యకి విరుపే కదండీ అందం! తప్పించుకోవడం ఎలా అవుతుంది?

పాలమూరు సభ్యుడు: నేను విరవకుండనే ప్రయత్నించిన, చూడండి.

చేతి వేళ్ళె కనులు, చెంపలు తడిమెను
తాత ముక్కె నీకు దక్కెననుచు;
పేరు చెప్పకుండ పేరు పెట్టి పిలిచె
చూపు లేని యవ్వ చూచె నన్ను

నిర్వాహకుడు: ఛందస్సులో దిద్దడానికేమీ లేదు. మూడో పాదం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఒక్కటే మాట: 'వేళ్ళె కనులు' అని మొదట్లోనే గుట్టు విప్పేశారు. "చేయి చాచి వెదకి చెంపలు తడిమెను" అంటే, వేళ్లు ఏం చేస్తున్నాయో చదివేవాళ్లే పట్టుకుంటారు.

పాలమూరు సభ్యుడు: అవును, మారుస్త. మరి మీ అవ్వ కూడా ముక్కే తడిమిందా?

నిర్వాహకుడు: లేదు. మావాడి మణికట్టు రెండు వేళ్ల మధ్య పట్టుకుని కొలిచింది. నా వైపు మొహం తిప్పి, "పిల్లోనికి బువ్వ పెడ్తాండావా, లేదా?" అంది. వాడు అప్పుడే చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేశాడు.

కొత్త సభ్యుడు: ఆ మాటే పద్యంలో పెట్టండి సార్!

నిర్వాహకుడు: మూడు రోజులుగా అదే పని. 'పెడ్తాండావా' నాలుగూ గురువులే (రెండేసి మాత్రల అక్షరాలే), ఏ గణంలోనూ పడట్లేదు.