పేజీ కళ్ల ముందే ఉంటుంది, వైవాలో నోరు పెగలదు

ప్రశ్న (ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్, గుంటూరు):
ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు రోజూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చుంటున్నాను. అనాటమీ పుస్తకంలో పసుపు రంగు హైలైటర్ పడని లైను లేదు. మొన్న వైవాలో (నోటి పరీక్షలో) బ్రేకియల్ ప్లెక్సస్, అంటే మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక, అడిగారు. బొమ్మ ఏ పేజీలో ఏ పక్కన ఉందో కూడా గుర్తొచ్చింది, చెప్పడానికి మాత్రం ఒక్క ముక్క రాలేదు. బ్రాడీపేటలో మా రూమ్‌లో మిగతా ముగ్గురూ బాగానే చెప్పారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎలా చదవాలి?

జవాబు (హౌస్ సర్జన్, విజయవాడ):
తమ్ముడూ, ఫస్ట్ ఇయర్‌లో నేనూ అచ్చం ఇలాగే నిలబడిపోయాను. ఒకే పేజీ పదిసార్లు చూస్తే కళ్లకు అలవాటైపోయి, వచ్చేసిందనిపిస్తుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు.

2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్నే పరీక్షించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, ఒకసారి చదివి, ఆపై చూడకుండా రాసుకున్నవాళ్లే ముందున్నారు. నువ్వు మోసపోతున్నది ఆ ఐదు నిమిషాల దగ్గరే.

పుస్తకం మూసి తెల్ల కాగితం మీద ప్లెక్సస్ బొమ్మ చూడకుండా గియ్యి. సీ5 నుంచి టీ1 దాకా వెన్నుపాములోంచి వచ్చే ఐదు రూట్లు, మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు, చివర్లో ఐదు పెద్ద నరాలు. నేను మొదటిరోజు ట్రంకుల దగ్గరే ఆగిపోయాను. ఆగిన చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పుస్తకంలో ఆ ముక్క వరకే చూశాను. మర్నాడు మళ్లీ కొత్త కాగితం. ఆ తర్వాత మూడు రోజులకోసారి, వారానికోసారి. పరీక్ష ముందురోజు నేను తిరగేసింది ఆ ఎర్ర సున్నాల కాగితాలే.

జవాబు (ఆర్థో పీజీ, గుంటూరు):
అక్క చెప్పింది నిజం. దానికి తోడు, వీలైనప్పుడు సీనియర్లతో వార్డుకు వెళ్లు. బండి మీద నుంచి పడి హ్యూమరస్ (భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక) మధ్యలో విరిగినాయన ఒకరు మా దగ్గరికి వచ్చారు. చెయ్యి చాపమంటే మణికట్టు వాలిపోయి వేళ్లు కిందికి వేలాడాయి. పైకెత్తాలని ఆయన పళ్లు బిగించి ప్రయత్నించడం కళ్లారా చూశాక, రేడియల్ నరం ఎముకను ఆనుకుని ఎక్కడ తిరుగుతుందో నాకు మళ్లీ చదవాల్సిన పని పడలేదు. ఇంకోమాట, ముందు తెలుగులోనే రూమ్మేట్‌కి చెప్పి చూడు. అర్థమైతే ఇంగ్లిష్ మాటలు తర్వాత అతుక్కుంటాయి.

ప్రశ్న అడిగిన తమ్ముడు:
ఇప్పుడే గీశాను అక్కా. మూడు సున్నాలు పడ్డాయి. పోస్టీరియర్ కార్డ్ దగ్గర ఆగిపోయాను.

హౌస్ సర్జన్:
మూడు ట్రంకుల వెనక డివిజన్లూ కలిస్తే వచ్చేదే అది. రేడియల్, ఆక్సిలరీ నరాలు రెండూ దాంట్లోంచే వస్తాయి. ఇప్పుడు పడుకో, రేపు పొద్దున కాలేజీకి వెళ్లేముందు ఇంకో కాగితం మీద గీసి ఎన్ని సున్నాలు పడ్డాయో చెప్పు.