లాంగ్ ట్రిప్‌ల బండి ఆగితే: రోడ్డు పక్క షెడ్డా, కంపెనీ సర్వీస్ సెంటరా?

పాలమూరు డీజిల్:
వచ్చే నెల మహబూబ్‌నగర్ నుంచి లేహ్ దాకా కారుల పోతున్నం. జడ్చర్ల కాడ 44వ నంబర్ హైవే ఎక్కితే శ్రీనగర్ దాకా అదే రోడ్డు. బండి 2021 మోడల్ డీజిల్, బీఎస్6 (కొత్త పొల్యూషన్ రూల్ బండి), ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా ఉంది. దారిల ఏమైనా అయితే టోయింగ్ పెట్టి కంపెనీ సెంటర్‌కే తీస్కపోవాలె, బయటోని చెయ్యి పడితే వారంటీ పోయినట్టే అంటడు మా బావ. లారీలు తిప్పే దోస్తు ఉన్నడు, ఆయన హైవే షెడ్డును మించింది లేదంటడు. మీరేమంటరు?

నల్లగొండ రోడ్డు:
షెడ్డే. లేహ్ దారిల ద్రాస్‌ల ఆగితే ఎక్కడికి గుంజుకపోతవన్నా? మళ్ల జోజిలా కనుమ ఎక్కించి శ్రీనగర్‌కా?

వనపర్తి స్టీరింగ్:
పాత బండైతే నేనూ గదే అందును. బీఎస్6ల చెక్ లైట్ వెలిగితే పానా పట్టుకున్నోడు ఏం జేస్తడు? స్కానర్ (బండి కంప్యూటర్‌ల ఉన్న తప్పును చదివే మిషన్) లేకుంటే అందాజగా ఒక్కో సెన్సర్ మార్చుకుంట పోతడు, బిల్లు మనకు. నాగ్‌పూర్ ఇవతల మా బండి పికప్ తగ్గితే ఒక షెడ్డాయన "డీపీఎఫ్ పీకేద్దాం, మైలేజీ పెరుగుతది" అన్నడు. డీపీఎఫ్ అంటే డీజిల్ పొగల మసిని పట్టే ఫిల్టర్. ఉన్నదల్లా ఫిల్టర్‌ల మసి. ఖాళీ హైవే మీద ఆపకుండ ఒకే స్పీడ్‌ల కొంచెంసేపు తోలితే కాలిపోయింది, లైటూ ఆరింది. ఆయన మాట విని పీకిస్తే పొల్యూషన్ రూల్ తప్పినట్టు, వారంటీ కూడా ఆగం.

షెడ్డు పెద్దన్న:
నాది షెడ్డే, అయినా వనపర్తి తమ్ముని మాటల నిజముంది. ఏం ఖరాబైందో చూడాలె ముందుగాల. రేడియేటర్ హోస్ (నీళ్ల పైపు) పగిలినా, ఫ్యాన్ బెల్ట్ తెగినా, వీల్ బేరింగ్ మోగినా ఏ ఊర్లనైనా అయితది, దానికి టోయింగ్ దండుగ. ఇంజెక్టర్, టర్బో, డీపీఎఫ్ మాత్రం రోడ్డు మీద విప్పనియ్యకు. ఇంజెక్టర్ మారిస్తే చాలా బండ్లల్ల దాని కోడ్ ఈసీయూల, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ల, ఎక్కియ్యాలె, అది స్పానర్‌తోని అయ్యే పని గాదు. క్లచ్ ప్లేట్‌కు గేర్‌బాక్స్ దించుడు తప్పది. లిఫ్టో గుంతో ఉన్న షెడ్డైతే చేపించు, మట్టిల జాకీ మీద దించుత అంటే దండం పెట్టి వచ్చెయ్.

అన్నిట్ల మోసం చేసేది వేడి. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దిక్కు పోతే అక్కడ్నే పక్కకు ఆపు. "ఊరు దగ్గరనే ఉంది" అని తోలుతరు, అల్యూమినియం హెడ్ (ఇంజన్ పై భాగం) వంకర పోతది, హెడ్ గ్యాస్కెట్ పోతది, హోస్‌తోని అయిపోయే పని ఇంజన్ విప్పేదాకా వస్తది. ఉడుకు మీద రేడియేటర్ మూత తియ్యకు, సల్ల నీళ్లు గుమ్మరియ్యకు. తప్పక బోరు నీళ్లు పోసి తోలినా తర్వాత కడిగించి కూలెంట్ నింపిచ్చాలె. మన నల్లగొండ బోరు నీళ్లు మనుషుల పండ్లనే వదల్లేదు, రేడియేటర్‌ను వదుల్తయా?

నల్లగొండ రోడ్డు:
చూసిన్రా, పెద్దన్న కూడా షెడ్డే అన్నడు.

వనపర్తి స్టీరింగ్:
సగం చెప్పింది సగమే చదివినవ్.

కోదాడ కాగితం:
వారంటీ సంగతి ఎవ్వరు పట్టించుకోలే. 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల జరిమానా ఏసింది. స్పేర్ పార్టులు, స్కానింగ్ సామాన్లు బయటి మెకానిక్‌లకు దొరకకుండ చేస్తున్నరని. బయట రిపేర్ చేపిస్తే వారంటీ మొత్తం రద్దని షరతు పెట్టొద్దు, ఆ రిపేర్ వల్ల చెడిన భాగానికే రద్దు చేయొచ్చు అని అదే ఆర్డర్‌ల ఉంది. కంపెనీలు అప్పీలుకు పోయినయి, అది వేరే కథ. బావ మాత్రం మరీ ఎక్కువ భయపెడుతున్నడు.

వనపర్తి స్టీరింగ్:
ఆర్డర్ కాగితం పట్టుకొని కౌంటర్ కాడ కొట్లాడే ఓపిక ఎందరికుంటది సార్? షెడ్డాయన వల్ల చెడలేదని చూపెట్టే తిప్పలు మనకే వస్తది.

కోదాడ కాగితం:
అందుకే చేతిరాత బిల్లైనా తీస్కోవాలె, పాత పార్ట్ అడిగి డిక్కీల ఏస్కోవాలె, విప్పకముందు ఫోటో. తేదీ, ఓడోమీటర్ రీడింగ్ బిల్లు మీద రాపిచ్చుకుంటే సగం కొట్లాట తప్పుతది.

దేవరకొండ దారి:
ఇంకోటి. నేషనల్ హైవే మీద ఆగితే 1033కు కొట్టు. క్రేన్ వచ్చి రోడ్డు మీదికెళ్లి బండిని తప్పిస్తది, అంతే, షోరూం దాకా తెస్తదనుకోకు. ఇన్సూరెన్స్‌ల రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఎన్ని కిలోమీటర్ల దాకనో పాలసీల చదువు. మన మన్ననూరు అడివిల సిగ్నల్ దొరుకుడే కష్టం, కొండల మీద సంగతి నేను చెప్పాల్నా?

పాలమూరు డీజిల్:
బెల్ట్, పై హోస్, కింది హోస్, ఫ్యూజులు, కంపెనీ కూలెంట్ డబ్బా పెట్టుకుంటున్న. చిన్న పని షెడ్డుల, స్కానర్ పని సెంటర్‌ల అని బావను ఒప్పిచ్చిన. బెల్ట్ బయట కొంటే నా బండికి సరిపోయేది ఏదో ఎట్ల తెలుస్తది?

షెడ్డు పెద్దన్న:
ఇప్పుడున్న బెల్ట్ ఈపు మీద నంబర్ అచ్చేసి ఉంటది, ఇంజన్ సల్లగున్నప్పుడు టార్చ్ కొట్టి ఫోటో తియ్. అరిగిపోయి కనబడకుంటే ఆర్‌సీ మీది ఛాసిస్ నంబర్ స్పేర్ పార్టుల షాపుల చెప్పు, దాంతోని తీసి ఇస్తరు.