పిల్లలచేత ఇంట్లో కథలు రాయించడం ఎలా?

ప్రశ్న (తిరుపతి): మా పాపకు తొమ్మిదేళ్లు. నోటితో అయితే గంటసేపు కథలు చెబుతుంది గానీ, నోట్‌బుక్ ముందు పెడితే "తప్పులొస్తాయమ్మా" అని పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటుంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఎర్ర పెన్ను దాచేయండక్కా. ఒత్తులు, దీర్ఘాలు తర్వాత. తను చెబుతుంటే మీరే రాసి, చివరి మాటలు తనకు వదిలేయండి.

జవాబు (చిత్తూరు): మావాడిని మే నెలలో మీ తిరుపతి గంగజాతరకు తీసుకొచ్చాం. ఒళ్లంతా తెల్లగా పూసుకుని, బైరాగి వేషంలోనే వాళ్ల నాన్న భుజం మీద నిద్రపోతున్న పిల్లోడిని చూసి "వాడికి ఏం కలొచ్చిందో రాస్తా" అన్నాడు. క్యాలెండర్ కాగితం వెనకంతా నిండిపోయింది.

ప్రశ్న అడిగినావిడ: నిన్న కపిలతీర్థం గురించి తను చెబితే నేను రాశా. "నీళ్లు కొండ మీంచి" దగ్గర ఆపేస్తే, పెన్సిల్ లాక్కుని "జారుడుబడ ఆడుతున్నాయి" అని రాసింది. సున్న మర్చిపోయింది, నేను దిద్దలేదు.